బంతి ఎవరి చేతిలో? జాక్సన్ స్టేట్ జట్టు, 2025 సీజన్

2025 ఆగస్టు 30న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్ నగరంలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ జట్టు తన సీజన్ మొదలుపెట్టింది. ఆ జట్టు పేరు జాక్సన్ స్టేట్ టైగర్స్. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన విశ్వవిద్యాలయానికి చెందిన జట్టు అది. 2024లో 12 మ్యాచ్‌లు గెలిచి రెండే ఓడింది. డిసెంబరులో అట్లాంటాలో జరిగిన సెలబ్రేషన్ బౌల్‌లో సౌత్ కరోలినా స్టేట్‌ను 28-7 తేడాతో ఓడించి నల్లజాతి విశ్వవిద్యాలయాల చాంపియన్‌గా నిలిచింది.

2025లో ఎవరు ఆడతారు, జట్టు ఎంత దూరం వెళ్తుంది అని అక్కడి క్రీడా పేజీలు రాశాయి. మనం ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. ఒక జట్టు జాబితా ఎలా తయారవుతుంది? అందులో ఎవరి పేరు ఎక్కడ ఉండాలో, ఎవరు ఎంతకాలం ఉండగలరో ఎవరు నిర్ణయిస్తారు? రిజర్వేషన్, ప్రాతినిధ్యం, నిధుల వాటా గురించి ఏళ్ల తరబడి కొట్లాడుతున్న మనకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. వేరే దేశంలో, వేరే ఆటలో వాటికి దొరికిన జవాబులు చూస్తే మన ప్రశ్న మనకే ఇంకా తేటగా కనిపిస్తుంది.

ముందు ఆట గురించి రెండు మాటలు

మనం ఫుట్‌బాల్ అనేది వేరు, అమెరికన్లు ఫుట్‌బాల్ అనేది వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని, విసిరి, పరిగెత్తి అవతలి గీత దాటించే ఆట ఇది. మైదానంలో ఒక్కో వైపు 11 మంది ఉంటారు. అయితే బంతి మన దగ్గర ఉన్నప్పుడు ఆడే 11 మంది వేరు, అవతలివాళ్లను అడ్డుకునే 11 మంది వేరు, బంతిని కాలితో తన్నేవాళ్లు వేరు. అందుకే ఒక్కో జట్టులో వంద మంది దాకా ఉంటారు. ఏ స్థానానికి మొదట ఎవరు, వాళ్లకు దెబ్బ తగిలితే తర్వాత ఎవరు అని రాసుకునే పట్టికను డెప్త్ చార్ట్ అంటారు.

ఈ ఆటకు మెదడు క్వార్టర్‌బ్యాక్. ప్రతి ఎత్తూ అతని నోటి నుంచే మొదలవుతుంది. బంతి ముందుగా అతని చేతికే వస్తుంది. ఎవరికి విసరాలో, ఎప్పుడు ఆపాలో రెండు మూడు సెకన్లలో అతనే తేల్చుకోవాలి.

కాలేజీ ఆటగాడికి మామూలుగా నాలుగు సీజన్లు ఆడే అర్హత ఉంటుంది. అంటే ఎంత గొప్ప జట్టులోనైనా ఏటా ఒక బ్యాచ్ వెళ్లిపోతుంది. వచ్చే సీజన్ ఎలా ఉంటుంది అంటే ఎవరు మిగిలారు, ఎవరు వచ్చారు, ఎవర్ని వేరేవాళ్లు ఎత్తుకుపోయారు అని లెక్క చూడటమే.

ఈ మైదానం ఎవరిది?

జాక్సన్ స్టేట్ 1877లో నాచెజ్ పట్టణంలో మొదలైంది. బానిసత్వం నుంచి బయటపడిన తరానికి చదువు చెప్పడానికి పుట్టిన బడి అది. 1882లో జాక్సన్‌కు మారింది. ఇలా నల్లజాతివారి కోసం ఏర్పడిన కాలేజీలు, విశ్వవిద్యాలయాలు అమెరికాలో ఇప్పటికీ సుమారు వంద ఉన్నాయి. తెల్లవాళ్ల విశ్వవిద్యాలయాలు గేటు మూసినప్పుడు డాక్టర్లను, టీచర్లను, లాయర్లను తయారు చేసినవి ఇవే.

టైగర్స్ సొంత మ్యాచ్‌లు ఆడేది మిసిసిపీ వెటరన్స్ మెమోరియల్ స్టేడియంలో. దాదాపు 60 వేల మంది పట్టే మైదానం. 1962 సెప్టెంబరు 29 రాత్రి ఇదే మైదానంలో తెల్లవాళ్లకే పరిమితమైన మిసిసిపీ విశ్వవిద్యాలయం జట్టు ఆడుతోంది. ఆట విరామంలో గవర్నర్ రాస్ బార్నెట్ మైదానం మధ్యకు వచ్చి, మిసిసిపీ ఆచారాల మీద తన ప్రేమను చాటుతూ ప్రసంగించాడు. జనం ఊగిపోయారు. ఆ ఆచారాలు అంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు. జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థి ఆ విశ్వవిద్యాలయంలో చేరకుండా ఆపడమే అప్పటి గొడవ. మర్నాడు రాత్రి క్యాంపస్‌లో అల్లర్లు చెలరేగి ఇద్దరు చనిపోయారు. కేంద్ర బలగాల కాపలాలో అక్టోబరు 1న మెరెడిత్ చేరారు. అంతకు ముందు ఆయన చదివింది జాక్సన్ స్టేట్‌లోనే.

ఎనిమిదేళ్ల తర్వాత, 1970 మే 14 అర్ధరాత్రి దాటాక, జాక్సన్ స్టేట్ ఆడపిల్లల హాస్టల్ ముందు చేరిన విద్యార్థుల మీద పోలీసులు నాలుగు వందలకు పైగా తూటాలు కాల్చారు. 21 ఏళ్ల ఫిలిప్ గిబ్స్, 17 ఏళ్ల జేమ్స్ ఎర్ల్ గ్రీన్ చనిపోయారు. ఎవరికీ శిక్ష పడలేదు. అంతకు పది రోజుల ముందు కెంట్ స్టేట్‌లో చనిపోయిన తెల్లజాతి విద్యార్థులు ప్రపంచానికి గుర్తున్నంతగా ఈ ఇద్దరూ గుర్తులేరు. కారంచేడు, చుండూరు పేర్లు తెలిసినవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

2011లో రాష్ట్ర చట్టసభ ఆ స్టేడియాన్ని జాక్సన్ స్టేట్‌కు అప్పగించింది. బార్నెట్ ప్రసంగించిన చోట ఇప్పుడు ఆట విరామంలో ఆ విశ్వవిద్యాలయం బ్యాండు, సోనిక్ బూమ్ ఆఫ్ ది సౌత్, వాయిస్తుంది. అయితే మైదానం చేతికి రావడం ఒకటి, అందులో దిగే జట్టును నిలబెట్టుకోవడం ఇంకొకటి.

ఆలోచించే స్థానం ఎవరికి?

జట్టులోకి రానివ్వకపోవడం వివక్షకు మొదటి రూపం మాత్రమే. రానిచ్చాక ఎక్కడ నిలబెట్టారన్నది రెండో రూపం. అమెరికాలో సామాజిక శాస్త్రవేత్తలు 1970 నుంచి దీన్ని లెక్కగట్టి చూపిస్తున్నారు. నల్లజాతి ఆటగాళ్లు పరిగెత్తే స్థానాల్లో, అంచుల్లో కాపలా కాసే స్థానాల్లో గుంపుగా కనిపించేవారు. ఆటను నడిపే మధ్య స్థానాల్లో, ముఖ్యంగా క్వార్టర్‌బ్యాక్‌గా, దాదాపు కనిపించేవారు కాదు. కాళ్లలో బలం ఉంది సరే, తలలో ఉందా అన్నది నోటితో చెప్పని అనుమానం.

టెన్నెస్సీ స్టేట్ అనే నల్లజాతి విశ్వవిద్యాలయంలో ఎల్‌డ్రిడ్జ్ డికీ మేటి క్వార్టర్‌బ్యాక్. 1968లో ఓక్లాండ్ రైడర్స్ ఆయన్ని మొదటి రౌండ్‌లోనే ఎంచుకుని, క్వార్టర్‌బ్యాక్ స్థానం నుంచి తప్పించి బంతి పట్టుకునేవాడిగా మార్చేసింది. అదే ఆట, అదే మనిషి. నిర్ణయం తీసుకునే పని మాత్రం చేతిలోంచి పోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1988 జనవరిలో, గ్రాంబ్లింగ్ స్టేట్ అనే ఇంకో నల్లజాతి విశ్వవిద్యాలయంలో తయారైన డగ్ విలియమ్స్ సూపర్ బౌల్ గెలిచిన తొలి నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ అయ్యారు.

ఈ కథ మనకు ఇంకో పేరుతో తెలుసు. 1876లో చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ పూనాలో తెల్లదొరలకు నెట్స్‌లో గంటల తరబడి బంతులు వేశారు. బౌలింగ్ చెయ్యమన్నారు గానీ చేతికి బ్యాట్ ఇవ్వలేదు. హిందూ జట్టు గెలవడానికి ఆయన బౌలింగ్ కావాల్సి వచ్చింది. కానీ టీ విరామంలో ఆయనకు బయట, మట్టి ముంతలో టీ. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసినా హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కలేదు. ఆయన తమ్ముడు విఠల్‌కు 1923లో దక్కింది. బౌలింగ్ అంటే శ్రమ, కెప్టెన్సీ అంటే అధికారం. శ్రమకు తలుపు తీసి అధికారానికి గడియ పెట్టడం కులానికైనా వర్ణానికైనా ఒకటే పద్ధతి.

నల్లజాతి విశ్వవిద్యాలయాల జట్ల విలువ ఇక్కడే తెలుస్తుంది. అక్కడ క్వార్టర్‌బ్యాక్ నల్లజాతి కుర్రాడు, కెప్టెన్ నల్లజాతి కుర్రాడు, కోచ్ కూడా ఆ సమాజం మనిషే. గ్రాంబ్లింగ్‌లో ఎడ్డీ రాబిన్సన్ 1941 నుంచి 1997 దాకా కోచ్‌గా ఉండి 408 విజయాలు సాధించారు. నీ స్థానం ఇది కాదు అని చెప్పేవాడు లేని చోట పిల్లలు ఏ స్థానానికైనా ఎదగగలరని అర్ధ శతాబ్దం పాటు ఈ జట్లు రుజువు చేశాయి. గురుకులాల్లో చదివిన పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు మనం చూసింది కూడా ఇదే.

తలుపులు తెరుచుకున్నాక ఏం జరిగింది?

1970 సెప్టెంబరు 12న బర్మింగ్‌హామ్‌లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నల్లజాతి ఆటగాళ్లతో వచ్చి, అంతా తెల్లవాళ్లే ఆడిన అలబామాను 42-21తో ఓడించింది. శామ్ కన్నింగ్‌హామ్ అనే కుర్రాడు 135 గజాలు పరిగెత్తాడు. దక్షిణాది తెల్ల విశ్వవిద్యాలయాలు అప్పటికే మెల్లగా తలుపు తీస్తున్నాయి. ఈ ఓటమి తర్వాత తొందర పెరిగింది. 1972కల్లా మెరెడిత్‌ను అడ్డుకున్న మిసిసిపీ విశ్వవిద్యాలయం జట్టులో కూడా నల్లజాతి ఆటగాడు మైదానంలోకి దిగాడు.

ఇది పోరాటం సాధించిన విజయమే. కాకపోతే తలుపు ఒక వైపుకే తెరుచుకుంది. నల్లజాతి ఆటగాళ్లు తెల్ల విశ్వవిద్యాలయాలకు వెళ్లారు. తెల్ల విశ్వవిద్యాలయాల డబ్బు, టీవీ ఒప్పందాలు, స్టేడియాలు నల్లజాతి విశ్వవిద్యాలయాలకు రాలేదు. 1975లో జాక్సన్ స్టేట్ నుంచి వాల్టర్ పేటన్‌ను షికాగో బేర్స్ నాలుగో ఎంపికగా తీసుకుంది. ఆయన రిటైరయ్యేనాటికి ఆ లీగ్ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తిన ఆటగాడు. పేటన్‌తో కలిపి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో జాక్సన్ స్టేట్ వాళ్లు నలుగురున్నారు. ఆ కాలం గడిచింది. 2021 డ్రాఫ్ట్‌లో నల్లజాతి విశ్వవిద్యాలయాలన్నీ కలిపినా ఒక్కరూ ఎంపిక కాలేదు. 2025లో ఒక్కరే ఎంపికయ్యారు.

పిల్లల్లో ప్రతిభ తగ్గలేదు. ప్రతిభను చూపించే చోటు చేతులు మారింది.

శాండర్స్ వచ్చారు, వెళ్లారు

2020లో మాజీ స్టార్ ఆటగాడు డియాన్ శాండర్స్ జాక్సన్ స్టేట్ కోచ్‌గా వచ్చినప్పుడు ఈ ప్రవాహం వెనక్కి తిరుగుతుందేమో అన్న ఆశ కలిగింది. 2021 డిసెంబరులో దేశంలోనే మొదటి వరుసలో ఉన్న హైస్కూలు ఆటగాడు ట్రావిస్ హంటర్ ఫ్లోరిడా స్టేట్‌కు ఇచ్చిన మాట పక్కన పెట్టి జాక్సన్ స్టేట్‌లో చేరాడు. అలాంటి ఆటగాడు నల్లజాతి విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడం పెద్ద వార్త. 2022లో జట్టు 12 గెలిచి ఒక్కటే ఓడింది.

అదే ఏడాది ఆగస్టులో జాక్సన్ నగరంలో కుళాయిలు ఎండిపోయాయి. వరద తర్వాత నీటి శుద్ధి కేంద్రం చేతులెత్తేసింది. లక్షన్నర మందికి తాగునీరు లేదు. జనాభాలో నూటికి 80 మందికి పైగా నల్లజాతివారే ఉన్న నగరం అది. ఏళ్లుగా మరమ్మతులకు డబ్బు రాలేదు. సీజన్ ముంగిట ఆటగాళ్లను నీళ్లున్న చోటికి తరలించాల్సి వచ్చింది. జట్టు భవిష్యత్తు గురించి మాట్లాడేటప్పుడు క్వార్టర్‌బ్యాక్ చెయ్యి ఎలా ఉందో చూస్తారు. ఆ ఊళ్లో కుళాయి ఎలా ఉందో కూడా చూడాల్సి వచ్చింది.

డిసెంబరులో శాండర్స్ కొలరాడో విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. జాక్సన్ స్టేట్‌లో ఆయన జీతం ఏడాదికి మూడు లక్షల డాలర్లు. కొలరాడో ఒప్పందం అయిదేళ్లకు 2 కోట్ల 95 లక్షల డాలర్లు. ఆయన కొడుకు, క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్, హంటర్ కూడా వెంట వెళ్లారు. 2024లో హంటర్ కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. 2025 ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక అతనే. ఆ ఘనత కొలరాడో ఖాతాలో పడింది.

ఎవరి బతుకు వాళ్లు చూసుకోవడం తప్పు అని మనం అనలేం. మన పిల్లలు మంచి అవకాశం వస్తే ఐఐటీకి వెళ్లొద్దంటామా? ప్రశ్న మనుషుల మీద కాదు, ఏర్పాటు మీద. ఒక మనిషి వస్తే లేచి, ఆ మనిషి పోతే కూలిపోయే సంస్థను సంస్థ అనగలమా?

జాక్సన్ స్టేట్ కూలిపోలేదు. శాండర్స్ తర్వాత కోచ్ అయిన టి.సి. టేలర్ మిసిసిపీ బిడ్డ. జాక్సన్ స్టేట్‌లోనే చదివి, క్వార్టర్‌బ్యాక్‌గా, రిసీవర్‌గా ఆడినవారు. మొదటి ఏడాది 7 గెలుపులు, 4 ఓటములు. రెండో ఏడాది చాంపియన్. శాండర్స్ రెండుసార్లు ఫైనల్‌కు వెళ్లి ఓడిన సెలబ్రేషన్ బౌల్‌ను టేలర్ గెలిపించారు. ఇంటి మనిషిని నమ్మితే ఏమవుతుందో చూపించిన సీజన్ అది.

కొత్త డబ్బు, కొత్త నియమాలు

2025 సీజన్ మామూలుది కాదు. కాలేజీ ఆటల ఆర్థిక నియమాలు మొత్తంగా మారాయి. మూడు మార్పులు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది, ఆటగాళ్ల సంపాదన. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ దశాబ్దాల పాటు ఆటగాళ్లు విద్యార్థులు మాత్రమేనని, స్కాలర్‌షిప్ తప్ప పైసా తీసుకోకూడదని చెప్పింది. కోచ్‌లు, టీవీ కంపెనీలు, విశ్వవిద్యాలయాలు కోట్లు తీసుకున్నాయి. మైదానంలో ఒళ్లు హూనం చేసుకున్నవాళ్లలో నల్లజాతి కుర్రాళ్లు ఎక్కువ. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకునేవారి నుంచి డబ్బు తీసుకోవచ్చు. ఇది న్యాయమైన మార్పు.

రెండోది, బదిలీ. ఇంతకు ముందు ఒక విశ్వవిద్యాలయం వదిలి ఇంకోదానికి వెళ్తే ఏడాది పాటు ఖాళీగా కూర్చోవాలి. 2021 నుంచి ఆ అడ్డు సడలింది. కోచ్‌లు జీతం పెరిగితే మర్నాడే వెళ్లిపోగలిగినప్పుడు ఆటగాళ్లకు మాత్రం సంకెళ్లెందుకు అన్నది సరైన వాదనే. కానీ దీని ఫలితం రెండు రకాలుగా ఉంది. పెద్ద విశ్వవిద్యాలయంలో చోటు దొరకని మంచి ఆటగాడు జాక్సన్ స్టేట్‌కు రావచ్చు. జాక్సన్ స్టేట్‌లో రాణించిన కుర్రాణ్ని మరుసటి ఏడాదే పెద్ద విశ్వవిద్యాలయం ఎత్తుకుపోవచ్చు. చిన్న సంస్థ మొక్క నాటి నీళ్లు పోస్తే, కాయలు పెద్ద సంస్థ కోసుకుంటుంది.

మూడోది, 2025 జూన్ 6న వచ్చిన తీర్పు. హౌస్ కేసుగా పేరుపడ్డ వ్యాజ్యంలో రాజీ ఒప్పందాన్ని కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. దాని ప్రకారం జులై 1 నుంచి ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. మొదటి ఏడాదికి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇది ఒక్కో విశ్వవిద్యాలయానికి ఉన్న పైమెట్టు. టీవీ డబ్బులో మునిగిన పెద్ద విశ్వవిద్యాలయాలు అంతా ఇవ్వగలవు. నల్లజాతి విశ్వవిద్యాలయాలకు అది అందని ఎత్తు.

ఇందులోనే ఇంకో కోణం ఉంది. పాత ఆటగాళ్లకు నష్టపరిహారంగా పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. అందులో పెద్ద భాగాన్ని ఎన్‌సీఏఏ తన సభ్య సంస్థలకు ఏటా పంచే సొమ్ములో కోత పెట్టి రాబడుతోంది. అంటే ఆటగాళ్ల శ్రమ మీద కోట్లు వెనకేసుకున్నది పెద్దవాళ్లయినా, చెల్లింపు భారంలో నల్లజాతి విశ్వవిద్యాలయాలకూ వాటా పడింది. లాభంలో లేని భాగస్వామ్యం నష్టంలో వచ్చింది.

రాష్ట్రం పడ్డ బాకీ

మైదానంలో కనిపించే ఈ తేడా వెనక తరగతి గది తేడా ఉంది. 1975లో జేక్ ఎయిర్స్ అనే నల్లజాతి తండ్రి మిసిసిపీ రాష్ట్రం మీద కేసు వేశారు. తెల్ల విశ్వవిద్యాలయాలకు ఇచ్చినట్టు నల్లజాతి విశ్వవిద్యాలయాలకు నిధులు, కోర్సులు, భవనాలు ఇవ్వడం లేదన్నది ఫిర్యాదు. గేటు తెరిచాం కదా, ఇంకేం కావాలని రాష్ట్రం వాదించింది. 1992లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. పాత వేర్పాటు విధానం అవశేషాలు ఇంకా నడుస్తున్నాయని చెప్పింది. చివరికి జాక్సన్ స్టేట్, ఆల్కార్న్ స్టేట్, మిసిసిపీ వ్యాలీ స్టేట్ విశ్వవిద్యాలయాలకు పదిహేడేళ్లలో సుమారు 50 కోట్ల డాలర్లు ఇచ్చే ఒప్పందం కుదిరింది. కేసు వేసిన ఎయిర్స్ అప్పటికే కన్నుమూశారు.

మనకు 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. జనాభా నిష్పత్తిలో నిధులు కేటాయించాలన్నది దాని సారం. కేటాయించిన సొమ్ము మనవాళ్ల కోసమే ఖర్చయిందా, అందరి పథకాల లెక్కలో కలిపేశారా అని అప్పటినుంచి అడుగుతూనే ఉన్నాం. ఎయిర్స్ కేసు చెప్పేది కూడా ఇదే. ప్రవేశ హక్కు ఒక్కటే సరిపోదు. బడ్జెట్ కాగితంలో వాటా కావాలి, ఆ వాటాకు లెక్క చెప్పాలి.

ఆటగాళ్లు ఆగితే

జాబితాలో పేరున్న కుర్రాడికి ఒక ఆయుధం ఉంది. అతను ఆడకపోతే ఆట జరగదు.

2013 అక్టోబరులో గ్రాంబ్లింగ్ స్టేట్ జట్టు ఆ ఆయుధం తీసింది. వ్యాయామ గదుల్లో బూజు, దూర ప్రయాణాలకు గంటల తరబడి బస్సులు, ఇష్టమైన కోచ్ డగ్ విలియమ్స్ తొలగింపు. రాష్ట్రం ఏళ్లుగా ఆ విశ్వవిద్యాలయానికి నిధులు కోస్తూ వచ్చింది. విసిగిపోయిన ఆటగాళ్లు మ్యాచ్‌కు వెళ్లేది లేదన్నారు. వాళ్లు ఆడాల్సింది జాక్సన్ స్టేట్‌తోనే, జాక్సన్‌లోనే. అక్టోబరు 19 మ్యాచ్ రద్దయి గ్రాంబ్లింగ్ ఓడినట్టు లెక్కగట్టారు. పట్టికలో అది ఓటమి. కానీ ఒక పేద విశ్వవిద్యాలయం లోపల ఏం జరుగుతోందో దేశమంతా చూసింది.

రెండేళ్ల తర్వాత మిస్సోరీ విశ్వవిద్యాలయంలో జాతి వివక్ష ఘటనలను పట్టించుకోని అధ్యక్షుడు టిమ్ వుల్ఫ్ దిగిపోవాలని జోనథన్ బట్లర్ అనే విద్యార్థి 2015 నవంబరు 2న నిరాహార దీక్ష మొదలుపెట్టారు. నవంబరు 7న జట్టులోని నల్లజాతి ఆటగాళ్లు వుల్ఫ్ దిగేదాకా ఆడబోమని ప్రకటించారు. తర్వాతి మ్యాచ్ ఆడకపోతే విశ్వవిద్యాలయం పది లక్షల డాలర్లు కట్టాలి. నవంబరు 9న వుల్ఫ్ రాజీనామా చేశారు. నెలల తరబడి విద్యార్థులు అడిగినా కదలని కుర్చీ రెండు రోజుల్లో కదిలింది.

తేడా గమనించండి. మిస్సోరీ డబ్బున్న విశ్వవిద్యాలయం కాబట్టి ఆట ఆగితే యాజమాన్యానికి నొప్పి పుట్టింది. గ్రాంబ్లింగ్‌లో ఆట ఆగితే నష్టపోయింది సొంత సంస్థే. అసలు బాధ్యులైన రాష్ట్ర పాలకులకు ఏమీ తగల్లేదు. సమ్మె ఎక్కడ చేస్తే ఎవరికి తగులుతుందో ముందే లెక్క చూసుకోవాలని ఈ రెండు ఘటనలు నేర్పుతాయి.

మరి 2025 సీజన్?

జాక్సన్ స్టేట్ ఆడే సౌత్‌వెస్టర్న్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్‌లో 12 నల్లజాతి విశ్వవిద్యాలయాలున్నాయి. తూర్పు, పడమర అని రెండు విభాగాలు. 2025లో తూర్పున జాక్సన్ స్టేట్‌కు ప్రధాన పోటీ 2023 చాంపియన్ ఫ్లోరిడా ఎ అండ్ ఎం, అలబామా స్టేట్. పడమర నుంచి 2024లో ఫైనల్‌కు వచ్చిన సదరన్‌ను టైగర్స్ 41-13తో ఓడించారు. కాన్ఫరెన్స్ గెలిచిన జట్టు దేశవ్యాప్త ప్లేఆఫ్‌లకు వెళ్లదు. డిసెంబరులో సెలబ్రేషన్ బౌల్ ఆడుతుంది. తెల్ల సంస్థలు గీసిన నిచ్చెన ఎక్కడం కంటే తమ పండగ తాము చేసుకోవడం మేలని ఈ విశ్వవిద్యాలయాలు 2015 నుంచి ఎంచుకున్న దారి ఇది.

2025 జాబితాలో ముఖ్యమైన బలం క్వార్టర్‌బ్యాక్ జకోబియన్ మోర్గాన్. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో మొదలుపెట్టి జాక్సన్ స్టేట్‌కు వచ్చిన మిసిసిపీ కుర్రాడు. బదిలీ నియమం నల్లజాతి విశ్వవిద్యాలయానికి మేలు చేసిన ఉదాహరణ. చాంపియన్ జట్టును నడిపిన చెయ్యి, అదే కోచ్ మూడో ఏడాది, సొంత మైదానంలో పోటెత్తే జనం. ఈ మూడూ ఉన్న జట్టు కాన్ఫరెన్స్‌లో మళ్లీ పైవరుసలో ఉంటుందని చెప్పడానికి జోస్యం అక్కర్లేకపోయింది. గండం లోతులో ఉంది. మొదటి వరుస ఆటగాళ్లకు దెబ్బలు తగిలితే రెండో వరుస ఎంత గట్టిది? 85 పూర్తి స్కాలర్‌షిప్‌లకు అలవాటుపడ్డ పెద్ద విశ్వవిద్యాలయాలతో పోలిస్తే జాక్సన్ స్టేట్ స్థాయిలో నడిచిన లెక్క 63. డబ్బు లోటు మొదట బయటపడేది రెండో వరుసలోనే.

మొదటి మ్యాచ్ సొంతగడ్డ మీద హాంప్టన్‌తో. అదీ నల్లజాతి విశ్వవిద్యాలయమే. రెండోది సెప్టెంబరు 6న హాటీస్‌బర్గ్‌లో, సదరన్ మిసిసిపీ విశ్వవిద్యాలయంతో. పై స్థాయి జట్టు కాబట్టి అక్కడ గెలుపు కష్టం. అయినా ఆ మ్యాచ్‌ను స్కోరు కోసమే చూడకండి. 1950లలో క్లైడ్ కెన్నార్డ్ అనే నల్లజాతి రైతు, మాజీ సైనికుడు, ఆ విశ్వవిద్యాలయంలో సీటు అడిగారు. మళ్లీ మళ్లీ అడిగారు. 1960లో 25 డాలర్ల కోళ్ల దాణా దొంగతనం చేయించాడని తప్పుడు కేసు పెట్టి ఏడేళ్ల జైలు వేశారు. జైల్లో క్యాన్సర్ ముదిరింది. 1963 జులై 4న చనిపోయారు. 2006లో కోర్టు ఆయన నిర్దోషి అని చెప్పింది. ఆయన్ని రానివ్వని క్యాంపస్‌కు 2025 సెప్టెంబరులో జాక్సన్ స్టేట్ బస్సులు వెళ్లాయి.

మన దగ్గర అడగాల్సినవి

విద్యార్థి సంఘాల్లో పనిచేసే మిత్రులు ఈ జట్టు కథలోంచి నాలుగు ప్రశ్నలు తీసుకుని తమ క్యాంపస్‌లో అడగొచ్చు. మన విశ్వవిద్యాలయం జట్లలో, సాంస్కృతిక బృందాల్లో మనవాళ్లు ఎందరున్నారు? వాళ్లలో కెప్టెన్లు, కోచ్‌లు, ఎంపిక కమిటీ సభ్యులు ఎందరు? క్రీడల బడ్జెట్‌లో సంక్షేమ హాస్టళ్లకు, గురుకులాలకు ఎంత చేరుతోంది? గురుకులంలో తయారైన ఆటగాడు బయటికి వెళ్లాక ఆ గురుకులానికి తిరిగి వచ్చేది ఏమిటి?

మొదటి రెండింటికి జవాబు మీరే పేర్లు రాసి లెక్కపెట్టొచ్చు. మూడోదానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నాలుగోదానికి పూర్వ విద్యార్థులను కూర్చోబెట్టి మాట్లాడండి. చదివిన చోటికే కోచ్‌గా వచ్చి జట్టును నిలబెట్టిన టేలర్ ఉదాహరణ వాళ్లకు చెప్పండి. జాక్సన్ స్టేట్ మళ్లీ అట్లాంటా చేరుతుందో లేదో ఆట తేలుస్తుంది. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు మాత్రం మనం అడిగితేనే వస్తాయి.